భావ్ తెలియని సరుకు

సూరత్‌లో బట్ట అమ్మడానికి మా తెలుగువాళ్లు జంకరు. సాంచాల (మరమగ్గాల) మీంచి దిగిన గ్రే తాకాకు, అంటే రంగు వేయని బట్ట చుట్టకు, ఆ రోజు మీటరుకు ఎంత పలుకుతోందో సాయంత్రానికల్లా రింగురోడ్డు మార్కెట్ల నుంచి లింబాయత్ గల్లీల దాకా తెలిసిపోతుంది. రేటు నచ్చితే దలాల్‌కు ఒక్క మాట చెప్తారు, నచ్చకపోతే సరుకు నాలుగు రోజులు ఆపుతారు. డబ్బు చేతికి రావడానికి నెలలు పట్టినా, తన సరుకు విలువ తెలియక నిద్రపట్టని రాత్రి ఆ వ్యాపారంలో అరుదు. అదే మనుషులు ఇల్లు అమ్మకానికి పెడితే కొద్దిరోజుల్లోనే డీలా పడిపోతున్నారు. ఇంటికి అలా నలుగురికీ తెలిసిన ధర, భావ్, లేదు. మన ఇల్లు ఎంత చేస్తుందో ఎవరో ఒకరు వచ్చి, చూసి, నోరు తెరిచి చెప్పేదాకా తెలియదు. వాళ్లేమో వస్తారు, చూస్తారు, నోరు తెరవరు.

సూరత్‌లోని పర్వత్ పాటియాలో ఇలా ఎదురుచూస్తున్న తెలుగు ఇళ్లు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడికి వచ్చి సాంచాలు నడిపాయి. లింబాయత్, పర్వత్ గామ్, గోడాదరా, డిండోలీల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడిపేంతగా ఇక్కడ వేళ్లూనుకున్నాయి. తర్వాత 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, ఆపైన కరోనా వచ్చిపడ్డాయి. చదువుకున్న పిల్లలు కార్ఖానాలవైపు చూడకుండా హైదరాబాద్ వెళ్లారు. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగిన రోజుల్లో, సూరత్ వలస వెళ్లిన నేతన్నలు తిరిగి రావాలని అక్కడి ప్రభుత్వం పిలిచింది కూడా. ఆ పిలుపు విన్నా, పిల్లల దగ్గరికి పోదామనుకున్నా, ముందు ఇక్కడి ఇల్లు అమ్మాలి. బాపు పోయాక అవ్వను హన్మకొండలో అన్న దగ్గరికి పంపాలని మేమూ ఇల్లు అమ్మకానికి పెట్టాం. అన్న వీలున్నప్పుడు నవజీవన్ రైల్లో వచ్చిపోతున్నాడు. ఇల్లు చూపించేది నేనూ అవ్వా.

ఇల్లు చూపించే రోజు ఇలా గడుస్తుంది. దలాల్ పదకొండింటికి తీసుకొస్తానంటాడు. అవ్వ పొద్దుగాల్నే లేచి వాకిలి కడిగి, మంచాల మీద దుప్పట్లు మార్చి, పోపు వాసన నిలవకుండా వంట ముందే ముగిస్తుంది. వాళ్లు ఒకటిన్నరకు వస్తారు, లేదంటే అసలే రారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బట్టల మార్కెట్లలో దుకాణాలున్న రాజస్థానీలు, సౌరాష్ట్ర వైపు వాళ్లు, అప్పుడప్పుడు మన తెలుగువాళ్లు. కుళాయి తిప్పి చూస్తారు. దేవుడి గది ఏ మూలన ఉందో చూస్తారు. మేడెక్కి పక్కింటి గోడ ఎంత దూరంలో ఉందో చూస్తారు. పోతూ పోతూ ‘విచారీనే కహీశు’ అంటారు, ఆలోచించి చెప్తామని. ఇక ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, ఇంట్లో ముఖాలన్నీ అటు తిరుగుతాయి.

“ఒక్కసారి నువ్వే ఫోన్ చేసి అడుగరాదు బిడ్డా” అంటుంది అవ్వ.

“మనం అడిగితే అగ్గువకు గుంజుతరు అవ్వా. ఆగుదాం.”

“ఎన్ని దినాలు ఆగుదాం? ఏం తక్కువైంది మన ఇంట్ల?”

ఆ చివరి ప్రశ్నలోనే బాధంతా ఉంది. బాపు పన్నెండు గంటల షిఫ్టులు చేసి, దీపావళి బోనస్సులు దాచి, ఒక గది తర్వాత ఒక గది కట్టిన ఇల్లు ఇది. చూసి వెళ్లినవాడు పలకకపోతే బాపు కష్టాన్నే వద్దన్నాడని అవ్వకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ ఆ మనిషికి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. అతను ఇంకా కొన్ని ఇళ్లు చూస్తున్నాడు, బ్యాంకులో లోన్ ఎంత వస్తుందో కనుక్కుంటున్నాడు, ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పిస్తున్నాడు. అతని మౌనంలో మా బాపు లేడు. అవ్వకు ఈ మాట నచ్చజెప్పడం ఇంటికి సున్నం వేయించడం కన్నా ముందు చేయాల్సిన పని అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

ఈ బాధను అంకెల్లో పట్టుకున్నవాళ్లున్నారు. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు 1990లలో బోస్టన్ నగరంలో జరిగిన అపార్ట్‌మెంట్ల అమ్మకాలను పరిశీలించి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్న ధర కన్నా తక్కువకు అమ్ముకోవాల్సిన స్థితిలో ఉన్నవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ చెప్పారు, ఎక్కువ కాలం ఎదురుచూశారు. కొంత ఎక్కువే రాబట్టుకున్నారు గానీ, పెంచి చెప్పినంత రాలేదు. పర్వత్ పాటియా పాత ఇళ్లవాళ్లకు కొన్న ధర మీద నష్టం లేదు, ఎప్పుడో చవగ్గా దొరికిన జాగాలు. ఇక్కడ నష్టం లెక్క పక్క గల్లీ నుంచి మొదలవుతుంది. ఫలానావాళ్ల ఇల్లు ఇంతకు పోయిందట అని ఒక అంకె చెవిన పడుతుంది. అది దస్తావేజులో రాసిన ధరా, చేతికి వచ్చిన ధరా, నలుగురిలో చెప్పుకున్న ధరా అని ఎవరూ అడగరు. ఆ అంకె మనదైపోతుంది. దానికి లక్ష తగ్గినా ఎవరో మన జేబులోంచి తీసుకున్నట్టే ఉంటుంది.

హెర్బర్ట్ సైమన్ 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో 1955లో రాసిన వ్యాసంలో ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో ఒకటి ఇల్లు అమ్మడం. అమ్మేవాడికి రాబోయే బేరాలు తెలియవు. అందుకని ఇంత వస్తే ఇచ్చేస్తానని ఒక ధర మనసులో పెట్టుకుంటాడు. ఆ ధర అందిన బేరాన్ని తీసుకుంటాడు, అందకపోతే ఆగుతాడు, కాలం గడిచేకొద్దీ ఆ ధరను సవరించుకుంటాడు. చదివితే చాలా మామూలు మాట. మా వీధిలో మాత్రం ఈ పని చేసి ఇల్లు చూపించేవాళ్లు తక్కువ. అందరి దగ్గరా చెప్పే ధర ఉంటుంది, ఇచ్చే ధర ఉండదు. అందుకే బేరం వచ్చిన రాత్రి ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఆ గొడవ రాకుండా మేం ముందే కూర్చున్నాం. అవ్వకు హన్మకొండలో ఏం కావాలి, దలాలీ పోను, పన్ను పోను చేతికి ఎంత మిగలాలి అన్నది అవ్వా, అన్నా, నేనూ కలిసి లెక్క వేశాం. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే లాభం మీద ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం గానీ, ఇండెక్సేషన్‌తో 20 శాతం గానీ ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. వచ్చిన లాభంతో రెండేళ్లలోగా మరో ఇల్లు కొంటే మినహాయింపూ ఉంది. కొనేవాడి వైపు లెక్క కూడా వేశాం. గుజరాత్‌లో స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ 1 శాతం. ఆడవాళ్ల పేరు మీద కొంటే ఆ 1 శాతం ఉండదు. 2023 ఏప్రిల్ 15 నుంచి జంత్రి రేట్లు, అంటే స్టాంపు డ్యూటీకి ప్రభుత్వం లెక్కగట్టే ధరలు, బాగా పెరిగాయి కాబట్టి ఆ బరువూ అతని బేరంలో ఉంటుంది. ఇచ్చే ధర కాగితం మీద రాసి బీరువాలో పెట్టాం. దలాల్‌కు చెప్పలేదు. తక్కువ బేరం వచ్చిన రోజు ఆ అంకె ముట్టుకోకూడదని, దీపావళి వెళ్లాక వచ్చే లాభ పంచమి తర్వాతే మళ్లీ తీసి చూడాలని అనుకున్నాం. ఆ రాత్రి నుంచి అవ్వ ‘ఇంట్ల ఏం తక్కువైంది’ అనడం తగ్గింది. ‘వాళ్లు అంకె చెప్పిండ్రా’ అని మాత్రం అడుగుతుంది.

కొనేవాళ్ల మౌనంలో సగం పంచాంగానిది. భాద్రపదంలో పితృపక్షం పదిహేను రోజులూ కొత్త ఇంటి మాట ఎవరూ ఎత్తరు. దీపావళికి మార్కెట్లు మూసి రాజస్థానీలు ఊళ్లకు పోతారు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా గుజరాతీలకు మంచిరోజులు కాని కమూర్తా, మనకు ధనుర్మాసం. హోలీకి ముందు ఎనిమిది రోజులు రాజస్థానీలకు పనికిరావు. ఆషాఢం మనవాళ్లకు పనికిరాదు. ఈ రోజుల్లో ఫోన్ రాలేదని కుమిలిపోవడం అనవసరం.

ఆషాఢం అంటే వానలు కూడా. పర్వత్ పాటియాలో ఇల్లు అమ్మేవాళ్ల గుండెల్లో అసలు గుబులు అదే. సూరత్‌కు తాపీ నది వరద వేరు, ఖాడీ (వాగు) వరద వేరు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు నగరంలో చాలాభాగం మునిగింది. అది ఎప్పుడో వచ్చే ఆపద. మీఠీ ఖాడీ అలా కాదు. నాలుగు గంటలు గట్టిగా వాన పడితే లింబాయత్, పర్వత్ పాటియా సొసైటీలవాళ్లు సామాన్లు మంచాల మీదికి ఎక్కిస్తారు. 2024 జూలైలో, 2025 జూన్‌లో ఈ చుట్టుపక్కల నీళ్లు నిలిచాయి.

“ఆ మాట ఎత్తకండి, గోడలకు రంగు కొట్టించండి, దీపావళి తర్వాత చూపిద్దాం” అన్నాడు ఒక దలాల్. వద్దన్నాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవాడే చెప్పాలి. చట్టం సంగతి అటుంచినా, ఆ ఇంట్లోకి రేపు మాలాంటి కుటుంబమే వస్తుంది. ముసలివాళ్లను కింది గదిలో పడుకోబెడుతుంది. మేం మెట్ల దగ్గర గోడ చూపించి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్తున్నాం. కరెంటు బోర్డు పైకి జరిపించామనీ చెప్తున్నాం. కొందరు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. అలా పోయినవాళ్ల ఫోన్ కోసం ఎదురుచూడాల్సిన బాధ మాకు లేదు. నిజం దాచి ఆశపెట్టుకున్న ఇళ్లలో ఎదురుచూపు రెండింతలవుతుంది, బేరం వస్తుందా అని ఒకటి, వచ్చాక బయటపడుతుందా అని ఇంకొకటి.

బేరం వచ్చినా ఒక్క అంకెగా రాదు. దస్తావేజులో ఇంత, పైన నగదు ఇంత అంటారు. మేం మొత్తం బ్యాంకు ద్వారానే అంటున్నాం. ఇంటి బయానాగా ఇరవై వేలు, ఆ పైన నగదు తీసుకోవడం ఎలాగూ చట్టవిరుద్ధం. దీనివల్ల వచ్చేవాళ్లు తగ్గారు, ఆ తగ్గుదల మాకు సమ్మతమే. ఇంటి కాగితాలు సరిగ్గా ఉండటం మా అదృష్టం. ఈ చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ లేకుండా కబ్జా రసీదుల (స్వాధీన పత్రాల) మీదే చేతులు మారిన ఇళ్లు ఉన్నాయి. వాటికి బ్యాంకు లోన్ రాదు, చేతిలో మొత్తం డబ్బున్నవాడు దొరికేదాకా ఆగాలి. వాళ్ల ఎదురుచూపు ముందు మాది చిన్నది. అమ్ముదామనుకున్న ఏడాది ముందే వకీలుకు కాగితాలు చూపించుకోండని తెలిసినవాళ్లందరికీ చెప్తున్నాను.

మొన్న ఆదివారం ఒక జంట వచ్చింది. అతనిది మార్కెట్‌లో ఎంబ్రాయిడరీ పని, ఆమె తల్లిగారిది సిరిసిల్ల వైపు. గోడ మీద నీటి జాడ చూపిస్తే ఆమె వంగి చేత్తో కొలుచుకుంది. అవ్వను పక్కకు పిలిచి వాన వచ్చిన రాత్రి ఏం చేసేవాళ్లో అడిగింది. పోయేముందు ఒక అంకె చెప్పారు, అంతా బ్యాంకు ద్వారానే. బీరువాలో రాసిపెట్టిన దానికి కాస్త తక్కువ. ఆ ధరకు ఇవ్వలేమన్నాం. శుక్రవారం దాకా గడువు అడిగారు, ఇచ్చాం. ఈలోపు వేరేవాళ్లు వస్తే ఇల్లు చూపిస్తామని వాళ్లకు ముందే చెప్పాం.