తెర మీద ‘సబ్ రస్’

గోల్కొండ ఆస్థానకవి ముల్లా వజ్‌హీ, సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా కోరికపై, హిజ్రీ 1045 (క్రీ.శ. 1635)లో ‘సబ్ రస్’ రచించాడు. దక్కనీ భాషలో సాహిత్య వచనానికి ఇదే తొలి మహాగ్రంథమని విమర్శకుల అభిప్రాయం. దాదాపు మూడు వందల ఏళ్లు వ్రాతప్రతులలో ఒదిగి ఉన్న ఈ గ్రంథాన్ని 1932లో మౌల్వీ అబ్దుల్ హఖ్ పరిష్కరించి, పీఠిక వ్రాసి, ఔరంగాబాదులోని అంజుమన్ తరఖ్ఖీ ఎ ఉర్దూ పక్షాన ప్రకటించారు. ఒకప్పుడు ఆ గ్రంథాన్ని చూడాలంటే హైదరాబాదు గ్రంథాలయాలలో పరిచయం ఉన్నవారిని వెంటబెట్టుకొని వెళ్లవలసి వచ్చేది. నేడు కర్నూలులోని విద్యార్థి చేతిలోని ఫోను మీదనే దాని పుటలు తిప్పగలడు. ఇది చిన్న విషయం కాదు. అయితే పుట కంటికి అందడం వేరు, పాఠం మనసుకు అందడం వేరు. ఇంటర్నెట్టులో అరుదైన గ్రంథాలు దొరుకుతున్నాయని సంతోషించేవారు ఈ రెండింటికీ మధ్యనున్న దూరాన్ని గమనించినట్లు కనబడదు.

ముందుగా, చేసిన మేలును చెప్పుకోవాలి. 2000 తరువాతి సంవత్సరాలలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం క్రింద, హైదరాబాదులోనూ కేంద్రాలు పెట్టి, తెలుగు, ఉర్దూ, పారసీ పుస్తకాలను పెద్దయెత్తున స్కాను చేశారు. ఆ సైటు తరువాత మూతపడినా, లక్షలాది ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచాయి. 2013లో వెలువడిన ‘రేఖ్తా’ ఉర్దూ కవిత్వాన్ని ఉర్దూ, దేవనాగరి, రోమన్ లిపులు మూడింటిలోనూ పెట్టి, మాట మీద వేలు పెడితే అర్థం వచ్చే ఏర్పాటు చేసింది. వేలాది పాత పుస్తకాల బొమ్మలను కూడా చేర్చింది. చెదలకూ వానకూ ఎరగావలసిన కాగితాలెన్నో ఈ శ్రమవల్ల బ్రతికాయి.

ఇక లోపాల మాట. డిజిటల్ లైబ్రరీ పట్టికలు చూసినవారికి ఒక వింత ఎదురవుతుంది. రచయిత పేరు ఉండవలసిన చోట అనేక పుస్తకాలకు ‘లభ్యం కాదు’ అని వ్రాసి ఉంటుంది. ముఖపత్రం తెరిస్తే ఆ పేరు పెద్ద అక్షరాలతో కనబడుతుంది! ఉర్దూ, తెలుగు పేర్లను రోమన్ లిపిలోనికి ఎవరికి తోచినట్లు వారు మార్చారు. ‘సబ్ రస్’నే తీసుకోండి. ఒకచోట ఒక మాటగా, మరొకచోట రెండు మాటలుగా ఉంటుంది. దానికి తోడు, డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారయె అదబియాతె ఉర్దూ 1938 నుండి అదే పేరుతో ఒక మాసపత్రిక నడిపింది. వజ్‌హీ గ్రంథం కోసం వెదికిన వానికి ముందుగా ఆ పత్రిక సంచికలు ఎదురవుతాయి. ఏది గ్రంథమో ఏది పత్రికో తెలిసినవాడే ముందుకు పోగలడు. అంటే, పుస్తకాన్ని ముందే ఎరిగినవానికే ఆ పుస్తకం దొరుకుతుంది. పాత గ్రంథాలయంలో ఒక వృద్ధ ఉద్యోగి నోటిమాటతో తీర్చే చిక్కు ఇది.

పుస్తకం దొరికినా, తెర మీద ఉన్నది అక్షరం కాదు, అక్షరం బొమ్మ. కాతిబు చేతితో వ్రాసి రాతి మీద అచ్చువేసిన నస్తలీఖు పుటను యంత్రం చదవడం నేటికీ కష్టసాధ్యమే. కాబట్టి అందులో ఒక మాటను వెదకలేము; వేలు పెడితే అర్థం చెప్పే సదుపాయం ఈ పుటలకు వర్తించదు. వర్తించినా ఎంతవరకు పనికివస్తుందో ఆలోచించవలసినదే. ప్రామాణిక ఉర్దూ నిఘంటువు ‘నక్కో’ దగ్గర, ‘ఔర్’కు బదులు వచ్చే ‘హోర్’ దగ్గర తడబడుతుంది. ‘బాతాఁ’, ‘లోగాఁ’ వంటి బహువచనాలు లక్నో చదువరికి వింతగా తోస్తాయి. కడపలోనో, మహబూబ్‌నగర్‌లోనో దక్కనీ మాట్లాడే ఇంటి నాన్నమ్మకు వాటిలో వింతేమీ లేదు. రోజూ ఆమె నోట నలిగే మాటలే. ఆమెకు ఆ పుట చదవడం రాకపోవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివిన ఆమె మనుమడికి ఉర్దూ లిపి రాదు. వజ్‌హీ భాషకు దగ్గరి వారసులు ఈ ఇద్దరే. దక్కనీ గ్రంథం ప్రపంచమంతటికీ తెరిచి ఉండి, ఈ ఇద్దరికీ మూసి ఉన్నది.

ఈ స్థితిలో తెలుగు అనువాదం రావాలని కొందరు కోరుతారు. అనువాదం రావలసినదే, కాని అది రెండవ మెట్టు. ముందు కావలసినది తెలుగు లిపిలో దక్కనీ మూలం. ఇంట్లో ఆ భాష మాట్లాడే వానికి దాన్ని అనువదించి ఇవ్వడం, అతని సొంత సొమ్మును మారకం కట్టి చేతిలో పెట్టడమే.

లిపి మార్చడం గుమాస్తా పని అనుకుంటే పొరపాటు. పాత దక్కనీ వ్రాతప్రతులలో కాఫుకూ గాఫుకూ తేడా చూపరు. ‘కీ’, ‘కే’ ఒకే తీరుగా ఉంటాయి. టకార డకారాలకు కొన్నిటిలో చుక్కలుంటాయి, కొన్నిటిలో ఏ గుర్తూ ఉండదు. అప్పుడు ‘బాత్’ అంటే మాటా, ‘బాట్’ అంటే దారా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఉర్దూ లిపిలో ఎత్తివ్రాసేవాడు ఈ సందేహాన్ని సందేహంగానే వదలి ముందుకు సాగవచ్చు. తెలుగు లిపి ఆ వెసులుబాటు ఇవ్వదు. త అనో ట అనో, ఈ అనో ఏ అనో తేల్చి వ్రాయవలసిందే. ప్రతి అక్షరమూ ఒక నిర్ణయం, ప్రతి నిర్ణయమూ ఒక వ్యాఖ్యానం. అందుచేత తెలుగు లిపిలో వెలువడే ‘సబ్ రస్’ పరిష్కరణగానే వెలువడాలి. మనవారు వాడుక నుండి తొలగించిన అరసున్న ఇక్కడ అక్కరకు వస్తుందన్నది ఒక ముచ్చట: ‘బాతాఁ’ చివరి ముక్కుపలుకుకు దానికంటె తగిన గుర్తు లేదు.

చిక్కులూ లేకపోలేదు. తెలుగులో ‘కల్బ్’ అని వ్రాస్తే హృదయమా, కుక్కా? అరబ్బీలో ఖాఫుతో వ్రాస్తే హృదయం, కాఫుతో వ్రాస్తే కుక్క. హైదరాబాదీ నాలుక ఖాఫును ‘ఖ’గా పలుకుతుంది కనుక ‘ఖల్బ్’ అని తప్పుకోవచ్చు. కాని అప్పుడు సమాధి అనే మాట వార్త అనే మాటకు దగ్గరగా జరుగుతుంది. హృదయమే కథానాయకుడైన గ్రంథంలో ఇది నవ్వి ఊరుకోదగిన చిక్కు కాదు. ఖాఫుకు ఒక ప్రత్యేక చిహ్నం పెట్టి, దాన్ని మొదటి పుటలోనే వివరించడం మేలు.

ఆ కథ సంగతి. అఖ్ల్ (బుద్ధి) ఒక రాజు. అతని కుమారుడు దిల్ (హృదయం). అమృతజలం మీద మనసుపడిన దిల్ దాని జాడ తీయడానికి నజర్ (చూపు)ను వేగుగా పంపుతాడు. ఆ దారి ఇష్ఖ్ (ప్రేమ) రాజ్యానికి, అతని కూతురు హుస్న్ (సౌందర్యం) వద్దకు చేరుతుంది. ఈ కథ వజ్‌హీ సొంతం కాదు. నీషాపూరుకు చెందిన ఫత్తాహీ పారసీలో చెప్పిన హుస్న్-దిల్ కథే దీనికి ఆధారం. వజ్‌హీ ఆయన పేరైనా ఎత్తలేదు. అబ్దుల్ హఖ్ రెండు గ్రంథాలనూ పోల్చి ఈ సంగతి బయటపెట్టారు. ఫత్తాహీ ‘దస్తూరె ఉష్షాఖ్’ను గ్రీన్‌షీల్డ్స్ 1926లో అచ్చువేయించాడు. తెర మీది గ్రంథాలయం నిజంగా ఉపకరించేది ఇటువంటి చోటనే. ఒకనాడు ఒక పండితుడు ఏళ్లతరబడి కూర్చుకొన్న సామగ్రి నేడు ఒక బల్ల మీద పక్కపక్కన పరచుకోవచ్చు. పారసీ మూలంలో లేని విస్తారమైన హితబోధలు, సామెతలు, గ్వాలియరు వారి దోహాలు వజ్‌హీ ఎక్కడెక్కడ చేర్చాడో గుర్తిస్తే, అతనిపై గ్రంథచౌర్యపు నింద ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది. కథ అరువుది, గొంతు గోల్కొండది అని తేలుతుందనే ఆశించవచ్చు.

ఇస్లామీయ విద్యలు అభ్యసించినవారి అవసరం ఇక్కడ మరొక విధంగానూ ఉన్నది. వజ్‌హీ తన వచనం మధ్య ఖుర్ఆన్ ఆయతులను, హదీసులను, పారసీ పద్యాలను ధారాళంగా కలిపాడు. ఆయతును తెలుగు లిపిలో మాత్రమే వ్రాసి ఊరుకోరాదు. అరబ్బీలోనే ఉంచి, సూరా, ఆయతు సంఖ్యలు చూపి, అర్థం వ్రాయాలి. సూఫీ గ్రంథాలలో హదీసులుగా చెలామణీ అయ్యే వాక్యాలన్నీ హదీసువేత్తల పరీక్షకు నిలవవు. ఏది ఎక్కడిదో అడుగున గుర్తించకపోతే, కథా గ్రంథంలోని మాట రేపు మింబరు మీద ప్రమాణమై కూర్చుంటుంది. స్కాను యంత్రం ఈ పని చేయదు, చేస్తానని అది ఎన్నడూ అనలేదు కూడా.

రేఖ్తా వారు తెలుగు లిపిని చేర్చలేదని నిష్ఠూరమాడడం సులువు. దేవనాగరి పాఠకుల కోసం దేవనాగరి తెలిసినవారు పూనుకొన్నారు, పని జరిగింది. తెలుగు దేశంలో ఉర్దూ, అరబ్బీ, తెలుగు మూడూ వచ్చినవారు మదర్సాలలోనూ, విశ్వవిద్యాలయాలలోనూ ఉన్నారు. దక్కనీ పలుకుబడి వారి ఇళ్లలోనే ఉన్నది. గ్రంథమంతా ఒక్కసారి తలకెత్తుకోనక్కరలేదు. దిల్, నజర్‌ను సాగనంపే ఘట్టం వరకు కొద్ది పుటలు తీసుకొని, అరసున్నలతో, ఖాఫు గుర్తుతో, అడుగున వివరణలతో సిద్ధం చేసి, ముందు ఆ నాన్నమ్మకు మనుమడి చేత చదివించి చూడాలి. ఏ మాట దగ్గర ఆమె ఆపి సరిదిద్దుతుందో, ఆ మాటను వ్రాతప్రతిలో మళ్లీ చూడాలి.