ఎండాకాలం దోసెపిండి

ఎండలు ముదిరాయంటే దోసెపిండి గురించి ప్రతి ఇంట్లో వినిపించే సలహా ఒకటే: రాత్రంతా బయట ఉంచొద్దు, నాలుగ్గంటలకే ఫ్రిజ్‌లో పెట్టెయ్. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఈ సలహా సగమే నిజం. పిండిలో జరిగే పనులు రెండు: పొంగడం ఒకటి, పులుపెక్కడం మరొకటి. ఇడ్లీపిండిని పొంగించేది లూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా అని 1965లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. అది బియ్యం, ఉద్దిబ్యాళ్ళతోనే గిన్నెలోకి వస్తుంది, 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. పులుపు పెంచే తక్కిన బాక్టీరియాల్లో చాలావాటికి 35 దాటినా ఇబ్బంది లేదు. అందుకే 27 దగ్గర ముందు పొంగు వస్తుంది, పులుపు వెనకాల నడుస్తుంది. 36 దగ్గర పులుపు ముందుకు దూకుతుంది. అప్పుడు గంటలు తగ్గిస్తే పొంగని పుల్లపిండి మిగులుతుంది. ఇడ్లీ మధ్యలో కూర్చుండిపోతుంది, అంతలో సోడా డబ్బా బయటికొస్తుంది.

బీరు కాచేవాళ్ళకు ఈ బాధ మనకన్నా పాతది. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని 1553లో బవేరియా పాలకులు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా కాచడమే మాన్పించారు. 1870లలో లిండే అనే ఇంజనీరు చేసిన శీతల యంత్రం మ్యూనిక్ బ్రూవరీల్లోకి వచ్చాకే వేసవి మళ్ళీ పనికొచ్చింది. యంత్రం లేకుండా ఇంట్లో బీరు కాచుకునే విదేశీయులు డబ్బాను నీళ్ళ టబ్బులో నిలబెట్టి, తడి టీషర్టు తొడిగి, ఫ్యాను తిప్పుతారు. వాళ్ళెవరూ గంటలు కోసుకోలేదు, వేడినే దించుకున్నారు. నీళ్ళకుండకు తడి గోనెపట్టా చుట్టే మనకు ఇది ఒకరు నేర్పాల్సిన విద్యా?

పైగా ఈ పద్ధతికి మన రాయలసీమ గాలి బాగా కలిసొస్తుంది. 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ మీద ఆవిరయ్యే నీరు వేడిని 22 దరిదాపులకు లాగగలదు. గిన్నె అంత చల్లబడదు, 27, 28కి దిగినా మనకు చాలు. ఉక్కపోసే విశాఖలో ఈ ఉపాయం ఇంతగా పారదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళూ ఒకే రైలుదారిలో ఉన్నా వేడి ఒకటి కాదు. హిందూపురం 600 మీటర్ల పైన ఉంది, ధర్మవరం 350 దగ్గర. ఆ ఎత్తు తేడాకే దాదాపు రెండు డిగ్రీలు తగ్గాలి. హిందూపురం అత్త చెప్పిన గంటలు ధర్మవరం కోడలికి సరిపోవు, పెనుకొండలో ఇంకో లెక్క.

అసలు వేడి ఎక్కడ మొదలవుతుందో చూడండి. మిద్దెమీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి. వాటిలోనే బ్యాళ్ళు నానేస్తాం. ఆపై గ్రైండరు రాయి రాపిడి. పిండి గిన్నెలోకి దిగేసరికే వేడెక్కి ఉంటుంది. నానబెట్టడానికి కుండనీళ్ళు, రుబ్బేప్పుడు ఫ్రిజ్‌నీళ్ళు వాడితే సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత స్టీలు గిన్నెను తాంబాళంలో నీళ్ళుపోసి నిలబెట్టి, తడిగుడ్డ చుట్టి, గాలి ఆడే కిటికీ దగ్గర ఉంచాలి. ప్లాస్టిక్ డబ్బా వేడిని అంత త్వరగా వదలదు.

మన అవ్వలు థర్మామీటరు పెట్టారా అని అడగొచ్చు. పెట్టలేదు, మనకూ అక్కర్లేదు. వేలు ముంచినప్పుడు చల్లగా తగిలితే చాలు. ఫ్రిజ్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? నాలుగైదు డిగ్రీల చలిలో పొంగు కూడా ఆగిపోతుంది, కాబట్టి దాని పని పిండి పొంగిన తర్వాతే. నీళ్ళ కటకట ఉన్న ఊళ్ళలో గుడ్డ తడపడానికి నీళ్ళా అన్నది మాత్రం కొట్టిపారేయలేని మాట. తాంబాళం నీళ్ళు తెల్లారాక అంట్లకు పనికొస్తాయి. జూన్‌లో మబ్బు పట్టి గాలి తడిబారిందంటే గుడ్డ ఎంత తడిపినా లాభం ఉండదు. ఆ రోజుల్లో తాంబాళంలోకి రెండు మంచుముక్కలు వేసుకోవాల్సిందే.