రీస్టార్టు చేస్తే స్మృతి చెరిగిపోతుందా?

“విద్యుత్తు ఆగగానే ర్యామ్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది.” కంప్యూటరు పాఠాలలో తరచుగా వినబడే వాక్యమిది. పరీక్షలో దీనికి మార్కులు వస్తాయి. కాని రేపు నానక్‌రామ్‌గూడ కార్యాలయాలలో సర్వర్లను చూచుకొనబోయే విద్యార్థికి ఇది చాలదు. ఇందులో రెండు లోపాలున్నవి.

మొదటిది, రీస్టార్టు చేయడమంటే విద్యుత్తు ఆపడమే అన్న భ్రమ దీనివల్ల కలుగుతున్నది. రీస్టార్టులో ప్రాసెసరు తన పనిని మొదటినుంచి ప్రారంభిస్తుంది; ర్యామ్‌కు మాత్రం విద్యుత్తు అందుతూనే ఉండవచ్చును.

రెండవది, “ఆగగానే” అన్న మాట. 1966లో రాబర్ట్ డెనార్డ్ ఊహించిన డైనమిక్ ర్యామ్‌లో ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క చిన్న కెపాసిటరులో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం చిల్లికుండలోని నీటివలె కారిపోతుంది గనుక, సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపల మళ్ళీ నింపుతారు. నింపడం మానినా కుండ తక్షణమే ఖాళీ కాదు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ర్యామ్‌ను సుమారు మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచి, విద్యుత్తు లేకుండా పది నిమిషాలుంచినా నూటికి ఒక వంతు బిట్లయినా చెడలేదని చూపారు.

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ గుణాన్నే వాడుకొన్నది. బూట్ సందేశాలను అది ర్యామ్‌లో ఒకచోట ఉంచుతుంది. మళ్ళీ బూట్ అయినప్పుడు అక్కడ తన గుర్తుసంఖ్య ఉన్నదా, అక్షరాల మొత్తం సరిపోయినదా అని పరీక్షిస్తుంది. సరిపోతే పాత సందేశాలను అట్లే ఉంచి, వాటి వెనుక కొత్తవి చేరుస్తుంది. యంత్రం హఠాత్తుగా కూలిపోతే, దాని చివరి మాటలు ఇట్లా దక్కవచ్చును.

ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని నిర్దోషం కాదు. పాతవీ కొత్తవీ కలిసిపోతే, నిన్నటి లోపాన్ని నేటిదిగా పొరబడే ప్రమాదమున్నది. అందుకే తరువాత ప్రతి బూట్ మొదటా ఒక సరిహద్దు గుర్తును చేర్చారు. పైగా కొన్ని యంత్రాలు బూట్ సమయంలో ర్యామ్‌ను తుడిచివేస్తాయి. కనుక దీనినే నమ్ముకొనరాదు. సందేశాలు మిగిలే చోట రహస్య సంకేతాలూ మిగలవచ్చునని మరువరాదు.

కనుక ఉపాధ్యాయులు ఇట్లా చెప్పుట మేలు: “విద్యుత్తు లేకపోతే ర్యామ్ క్రమంగా మరచిపోతుంది; రీస్టార్టులో మరచిపోవచ్చును, మరువకపోవచ్చును.” వాక్యం కొంచెం పెరిగినది, సత్యానికి దగ్గరైనది.