తలచుకున్నవాళ్ల లెక్క

1973లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి జాక్ విడాల్ ఒక పేపర్ రాశారు. నెత్తిమీద ఎలక్ట్రోడ్లు అంటించి పట్టే ఈఈజీ అనే మెదడు సంకేతాలతో కంప్యూటర్‌కు ఆజ్ఞలివ్వొచ్చా అన్నది అందులోని ప్రశ్న. కృత్రిమ అవయవాలే కాదు, అంతరిక్ష నౌకలు కూడా నడపొచ్చేమోనని అడగడానికి ఆయన వెనకాడలేదు. బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అన్న పేరు ఆయన పెట్టిందే. 1977లో ప్రయోగమూ అచ్చయింది. తెరమీద గళ్ల బొమ్మ మెరుస్తుంది, దాని చుట్టూ నాలుగు చుక్కలుంటాయి. మనిషి ఏ చుక్క మీద చూపు నిలిపాడో మెదడు స్పందనను బట్టి కంప్యూటర్ పసిగట్టి, చిక్కుదారిలో కర్సర్‌ను అటు జరుపుతుంది.

అయినా ఆ దారిన వెంటనే పెద్దగా ఎవరూ నడవలేదు. అప్పటి కంప్యూటర్లు గదులు నింపేవి. ఆలోచన నచ్చినా చేతిలో సరంజామా ఉండాలి కదా!

1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయేల్ డాన్చిన్ తెచ్చిన పద్ధతి మాత్రం నిలదొక్కుకుంది. తెరమీద అక్షరాల పలక: ఆరు అడ్డు వరసలు, ఆరు నిలువు వరసలు, మొత్తం 36 గడులు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి మారిమారి వెలుగుతుంటాయి. మనసులో పెట్టుకున్న అక్షరం ఉన్న వరస వెలగగానే, దాదాపు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక అల లేస్తుంది. దాని పేరు పీ300. ఒక్కసారి చూస్తే అది రొదలో కలిసిపోతుంది. అందుకే ఒకే అక్షరానికి మళ్లీ మళ్లీ వెలిగించి సగటు తీయాలి. దాంతో వేగం నిమిషానికి 2.3 అక్షరాలే. ఇంగ్లీషు కాబట్టి 36 గడుల్లో సరిపోయింది. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన తెలుగును ఆ పలకలో ఇమడ్చాలంటే వేరే తిప్పలు. ఇంత నత్తనడక పద్ధతినీ ప్రయోగశాలలు వదల్లేదు. ఎవరైనా చేసి చూడొచ్చు, మార్చొచ్చు, మెరుగులు పెట్టొచ్చు. సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ఉటంకింపులు, అలాంటి చోటే పుడతాయి.

ఈ సంగతి బాగా ఎరిగినవారు ఆల్బనీలోని వాడ్స్‌వర్త్ సెంటర్‌లో పనిచేసిన నరాల వైద్యుడు జొనాథన్ వోల్పా. కదలికలకు సంబంధించిన మ్యూ లయను అదుపు చేసుకుని తెరమీద కర్సర్‌ను జరపొచ్చని ఆయన బృందం 1991లో చూపించింది. 2004లో కర్సర్ అటూ ఇటూ మాత్రమే కాక పైకీ కిందికీ కూడా కదిలింది, అదీ తలకు చిన్న గాటు కూడా పెట్టకుండా. కానీ ఆయన పేరున్న పేపర్లలో జనం మహా ఎక్కువగా ఉటంకించింది ఈ ప్రయోగాలను కాదు, 2002లో మరో నలుగురితో కలిసి రాసిన సమీక్షను. కొత్తగా ఈ రంగంలో రాసేవాళ్లు శుభలేఖ మీద దేవుడి బొమ్మ వేసినట్టు, మొదటి వాక్యం చివర దాన్ని పెట్టేసి ముందుకు సాగుతారు. చదివి పెట్టేవాళ్లెందరో, పెట్టడం కోసం పెట్టేవాళ్లెందరో ఏ లెక్కా చెప్పదు.

ఆ బృందానిదే ఇంకో పేపర్ ఉంది, 2004లో వచ్చిన బీసీఐ2000 సాఫ్ట్‌వేర్ గురించి. పరిశోధకులకు దాన్ని ఉచితంగా ఇచ్చారు. దానికొచ్చే సైటేషన్‌లో మర్యాద తక్కువ, అవసరం ఎక్కువ. మీ పనిముట్టుతోనే చేశాం అని చెప్పడమది.

2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ పరిశోధకులను కొలవడానికి హెచ్-ఇండెక్స్ తెచ్చారు. ఒకరివి 40 పేపర్లు ఒక్కోటీ కనీసం 40 సార్లు ఉటంకింపుకొస్తే ఇండెక్స్ 40. పదోన్నతుల దరఖాస్తుల్లో ఇప్పుడు ఆ అంకెకు పెద్దపీట. సమీక్షనూ సాఫ్ట్‌వేర్‌నూ ప్రయోగాన్నీ అది ఒకే గాటన కడుతుంది. పొగిడినా తెగిడినా ఒకటే. పూర్తిగా కదలిక కోల్పోయిన నలుగురు రోగులు అవును, కాదు అని జవాబిచ్చారంటూ 2017లో ప్లాస్ బయాలజీలో వచ్చిన పేపర్‌ను 2019లో ఉపసంహరించారు. అలాంటి పేపర్‌ను తప్పుబట్టడానికి ఉటంకించినా దాని రచయితల ఖాతాలో ఒకటి పెరుగుతుంది.

2021లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రాంక్ విలెట్, కృష్ణ షెనాయ్ బృందం నేచర్‌లో మరో ప్రయోగం ప్రకటించింది. వెన్నెముక దెబ్బతిని చేతులు పడిపోయిన వ్యక్తి కలంతో రాస్తున్నట్టు ఊహించుకుంటే, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడ్లు నిమిషానికి 90 అక్షరాలు పట్టాయి. ఆ సంకేతాల డేటానూ వాళ్లు బయటపెట్టారు. ఇంప్లాంట్ ఉన్న రోగి ఒక్కరూ అందుబాటులో లేని విద్యార్థి సైతం ఆ డేటాను దింపుకుని తన ప్రోగ్రాం రాసి చూడొచ్చు, అది కుదిరితే ఆ పేపర్‌కు మరో సైటేషన్.