గాయం పడకముందే వినాలి

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి ఇవాళ ఉన్న స్థలంలో ఒకప్పుడు ముషీరాబాద్ సెంట్రల్ జైలు ఉండేది. ఖైదీలను చర్లపల్లికి తరలించాక ఆ జాగాలో కొత్త భవనాలు లేచాయి. రైల్వేస్టేషన్ ఎదుట పాత చోట ఉన్న ఆసుపత్రి 2003లో అక్కడికి మారింది. జైలు ఊరి అంచుకు జరిగినా జంటనగరాల్లో జైలుకూ వైద్యానికీ మధ్య రాకపోకలు తెగలేదు. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లకు వెళ్లే సైకాలజిస్టులకు, సైదాబాద్ బాలల గృహంలో కూర్చునే కౌన్సెలర్లకు, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఖైదీలను చూసే సైకియాట్రిస్టులకు ఒక రకం కేసు బాగా తెలుసు. చెయ్యి కోసుకుంటారు, గోడకు తల బాదుకుంటారు, అన్నం మానేస్తారు, మాటామాటా పెరిగితే మీద పడతారు. మందు ఇస్తే కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా ఇలాంటివారి కోసం రూపుదిద్దుకున్న చికిత్స డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా డీబీటీ. జైలులో పనిచేసేవాళ్లు దీన్ని నేర్చుకోవాలనడానికి నాకు కనిపించే అసలు కారణం ఒకటే. ఖైదీ ఏం చేస్తే జైలు వింటుందో, ఆ క్రమాన్ని ఇది తిరగేస్తుంది.

ఆ క్రమం ఎలాంటిదో చూడండి. రిమాండ్ ఖైదీ ఒకడు "నిద్ర పట్టడం లేదు సార్" అని మూడుసార్లు మెల్లగా చెప్పుకుంటాడు. వందలమంది ఉన్న చోట ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. నాలుగో రోజు చెయ్యి కోసుకుంటాడు. అప్పుడు డాక్టరు వస్తాడు, జైలర్ వచ్చి పేరు పెట్టి పలకరిస్తాడు, ఎస్కార్టుతో పెద్దాసుపత్రికి పంపుతారు, ఇంటికి కబురు వెళ్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, అందరూ తమ డ్యూటీ చేశారు. కానీ ఆ మనిషి నేర్చుకున్న పాఠం మాత్రం మాటకు విలువ లేదు, రక్తానికి ఉందని. పక్క బ్యారక్ వాళ్లు కూడా అదే నేర్చుకున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని జైళ్లలో 159 అసహజ మరణాలు నమోదైతే వాటిలో 119 ఆత్మహత్యలు. ఆ ఏడాది చివరికి ఉన్న 5,73,220 మంది ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పద్ధతికి మనం చెల్లిస్తున్న మూల్యం ఇది.

డీబీటీని రూపొందించిన మార్షా లైన్‌హాన్ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేసింది. పదేపదే తమను తాము గాయపరచుకునే మహిళలపై ఆమె చేసిన తొలి పెద్ద పరిశోధన 1991లో వెలువడింది, 1993లో పుస్తకం వచ్చింది. పదిహేడేళ్ల వయసులో తానూ మానసిక ఆసుపత్రిలో అలాంటి రోగిగానే గడిపానని 2011లో ఆమె బహిరంగంగా చెప్పింది. చికిత్సకులు మారమని ఒత్తిడి చేస్తే ఇలాంటి రోగులు తమను తప్పుపడుతున్నారని విరుచుకుపడతారు. జాలిపడి ఊరుకుంటే తమ నరకంలో తమను వదిలేశారంటారు. ఈ రెండింటినీ గమనించిన లైన్‌హాన్, జెన్ సాధన నుంచి స్వీకారాన్ని, బిహేవియర్ థెరపీ నుంచి మార్పును తీసుకుని, రెండూ ఒకే గంటలో, ఒకే వాక్యంలో సాగేలా చేసింది. "నీ కోపానికి కారణం ఉంది, ఆ కోపంతో నువ్వు చేసింది నీ కేసునే చెడగొడుతోంది" అన్న మాటలో రెండు సగాలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది మింగేస్తే చికిత్స కుంటుపడుతుంది. పుట్టుకతోనే ఉద్వేగం త్వరగా రగిలి ఆలస్యంగా చల్లారే మనిషి, తన బాధను ఎవరూ నమ్మని ఇంట్లో పెరిగితే దాన్ని అదుపు చేసుకునే నేర్పు అబ్బదని ఆమె సిద్ధాంతం. అలాంటివాడికి జైలు గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎందుకంటే అక్కడ ప్రతి మాటనూ ముందు అనుమానించడమే ఉద్యోగధర్మం.

నేర్పే విద్యలు నాలుగు రకాలు: జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం, కష్టాన్ని ఇంకా పెద్దది చేసుకోకుండా తట్టుకోవడం, ఉద్వేగాన్ని దారిలో పెట్టుకోవడం, ఎదుటివారితో పని జరిగేలా మాట్లాడటం. వీటిని గుంపుగా కూర్చోబెట్టి తరగతిలా చెబుతారు. విడిగా జరిగే సెషన్‌లో మాత్రం ప్రధాన ఆయుధం గొలుసుకట్టు విశ్లేషణ. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ములాఖత్ రోజున భార్య రాలేదు. ముందు రాత్రి దోమలతో నిద్ర లేదు, పొద్దున టిఫిన్ తినలేదు. పక్కవాడు "ఇక రాదులే" అన్నాడు. "నన్ను వదిలేసింది" అన్న ఆలోచన వచ్చింది. గుండె దడదడలాడింది. వార్డర్ లైన్లోకి రమ్మని అరిచాడు. సాయంత్రం లాకప్ అయ్యాక గాయం. సైకాలజిస్టు ఈ లంకెలన్నిటినీ వరసగా కాగితం మీద పెట్టిస్తాడు, తీర్పు చెప్పడు. ఆ తర్వాత ఎక్కడ తెంచవచ్చో ఇద్దరూ కలిసి వెతుకుతారు. టిఫిన్ దగ్గర తెంచవచ్చు. రాకపోవడానికి బస్సు దొరకకపోవడం కూడా కారణం కావచ్చు కదా అని ఆలోచన దగ్గర తెంచవచ్చు. దడ మొదలైనప్పుడు చన్నీళ్లలో కాసేపు ముఖం ముంచి, ఊపిరి పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు చేస్తే శరీరం నెమ్మదిస్తుంది. సియాటిల్‌లో ఐసు వాడతారు, బ్యారక్‌లో బక్కెట్టు నీళ్లు చాలు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరును అడగకుండా ఇది చెప్పకూడదు.

న్యాయవ్యవస్థ నీడలో పనిచేసేవాళ్లు కొన్ని మార్పులు తప్పకుండా చేసుకోవాలి. విచారణ ఖైదీతో గొలుసుకట్టు విశ్లేషణ చేసేటప్పుడు అతడిపై మోపిన నేరం జోలికి పోకండి, జైలులోపల జరిగిన ప్రవర్తననే తీసుకోండి. మీ ఫైలు రేపు ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలియదు. రోజూ ఉద్వేగాలు, కోరికలు రాసుకునే డైరీ కార్డు బ్యారక్‌లో తోటివాళ్ల కంటబడితే ఎగతాళికో బెదిరింపుకో పనికొస్తుంది. అందుకే గుర్తులతో రాయించి క్లినిక్‌లోనే తాళం వేయడం మేలు. ఇక ఫోన్ కోచింగ్. రోగి ఆపదలో ఉన్నప్పుడు థెరపిస్టుకు ఫోన్ చేసి ఏ నేర్పు వాడాలో అడుగుతాడు. గాయపరచుకున్నాక అయితే 24 గంటలపాటు ఆ సౌకర్యం ఉండదు, ప్రాణరక్షణకు కావలసిన వైద్యం తప్ప. ముందే పిలిస్తే తోడు దొరుకుతుందన్న ఈ నియమంలోనే, పైన చెప్పిన జైలు పాఠానికి విరుగుడు ఉంది. ఖైదీ చేతిలో ఫోన్ ఉండదు కాబట్టి ఆ పాత్ర రాత్రి డ్యూటీ వార్డర్‌దే. "నీకు నేర్పినవాటిలో ఏది చేశావు?" అని అడగడం, ముందుగా చెప్పినవాడికి పది నిమిషాలు కేటాయించడం అతడికి నేర్పాలి.

దీనికి ఆధారం ఎంత అని ఎవరైనా నిలదీస్తే, ఉన్నదున్నట్టు చెప్పాలి. 1991 పరిశోధన జరిగింది జైలులో కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం పూయెబ్లో ఫోరెన్సిక్ వార్డులోనూ, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎకో గ్లెన్ బాలల కేంద్రంలోనూ దీన్ని మలుచుకుని వాడారు. ఆ అధ్యయనాలు చిన్నవి, ఫలితాలూ ఒక్క తీరుగా లేవు. ఎకో గ్లెన్‌లో బాలికల ఒక యూనిట్‌లో గొడవలు తగ్గాయి, మరో యూనిట్‌లో అలా జరగలేదు. రెండు చోట్లా సిబ్బందికి అందిన శిక్షణ ఒకేలా లేదు. నా దృష్టిలో ఇది డీబీటీ మీద అపనమ్మకానికి కారణం కాదు. సైకాలజిస్టుకు నేర్పి వార్డర్‌ను వదిలేస్తే పని జరగదనడానికి హెచ్చరిక.

"అదంతా నాటకం, పని చేయించుకోవడానికి కోసుకుంటారు" అన్నది జైళ్లలో ఎక్కువగా వినిపించే అభ్యంతరం. ఒకవేళ ఫలితం కోసమే చేశాడనుకున్నా, అడిగే వేరే దారి అతడికి తెలియదనో, తెలిసినా పనిచేయలేదనో అర్థం. మర్యాదగా, స్పష్టంగా, కాదంటే రాజీకి సిద్ధంగా అడగడం డీబీటీలో ఒక పాఠమే. పైగా ఈ 'నాటకం' అన్న మాట కేసుషీటులో రాసేటప్పుడు చెయ్యి వణకాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 226వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవాలనో బలవంతపెట్టాలనో చేసే ఆత్మహత్యాయత్నం ఇప్పటికీ నేరమే. కేసుషీటులో "బెదిరించడానికే" అన్న ఒక్క ముక్క రోగిని నిందితుణ్ని చేయగలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ మాత్రం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది. మీరు చూసిందే రాయండి, ఉద్దేశం ఊహించి రాయకండి.

ఇంతకంటే బరువైన ప్రశ్న ఇంకోటి ఉంది. జామీను కట్టలేక నెలల తరబడి మగ్గుతున్నవాడికి "ఉన్నదాన్ని స్వీకరించు" అని బోధించడం అన్యాయానికి వత్తాసు కాదా? స్వీకారం అంటే ఒప్పుకోలు కాదు. ఇవాళ వాయిదా పడిందన్న నిజాన్ని కాదనుకుంటూ గోడకు తల బాదుకోవడం మాని, న్యాయసేవాధికార సంస్థకు అర్జీ రాసుకునే స్థితికి రావడం. అయినా ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. లీగల్ ఎయిడ్ వకీలు లేని చోట డీబీటీ క్లాసు పెట్టి చేతులు దులుపుకుంటే ఆ విమర్శ నూటికి నూరుపాళ్లు న్యాయమే అవుతుంది. రిమాండ్ ఖైదీ ఎప్పుడు బయటికి పోతాడో తెలియదు కదా అనేవారికి జవాబు సులువు. ఏ పాఠానికాపాఠం పూర్తయ్యేలా, కష్టాన్ని తట్టుకునే నేర్పుతో మొదలుపెడితే సరి.

తెలంగాణలో నేల సిద్ధంగానే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ బీనా చింతలపురి నేతృత్వంలో జైళ్లలో నడిచిన 'ఉన్నతి' కార్యక్రమం ఖైదీల ఆలోచన, ప్రవర్తనల మార్పు మీద ఆధారపడినదే. డీబీటీ దానికి పోటీ కాదు, అందులో ఇమడలేక మొదటివారంలోనే గొడవపడి బయటికి పోయేవారి కోసం. 500 మంది ఖైదీలకు ఒక కౌన్సెలర్ ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెప్పింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలులోనైనా మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2017 చట్టం 103వ సెక్షన్ చెబుతోంది. అవి పూర్తిగా అమలయ్యేదాకా ఆగక్కర్లేదు. ఈ వ్యాసం చదివే క్లినీషియన్లకు నా విన్నపం ఇంతే. ఒక బ్యారక్ ఎంచుకోండి. వారానికి ఒక గంట సైకాలజిస్టు, డాక్టరు, ఒక హెడ్ వార్డర్ కలిసి కూర్చోండి. ఆ గంటలో ముందు మీ విసుగు, మీ భయం మాట్లాడుకోండి, డీబీటీలో థెరపిస్టుల బృందానికి అది తప్పనిసరి. ఆ తర్వాత ఆ వారం గాయం చేసుకోకుండానే సాయం అడిగిన ఖైదీలెవరో, వాళ్లకు మనం ఏం జవాబిచ్చామో రాసిపెట్టుకోండి.