తాళం పట్టిన చేతికి

ఆడిన కాలికి చప్పట్లు కొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. గజ్జె విప్పి, పీట మీద కూర్చుని తాళం పట్టిన చేయీ, ఈ దండం నీకు.

నల్లరేగడిలో నిలబడి పెడుతున్న దండం ఇది. మాఘం వస్తే ఇక్కడ చూపు ఆనినంత మేరా ఎరుపే. కల్లాల్లో మిరప ఎండుతుంటే గుంటూరు నుంచి చేబ్రోలు దాకా గాలి ఘాటెక్కుతుంది. పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్లు నడుమెత్తకుండా సాళ్లు దాటిపోతారు. తడిస్తే బంక, ఎండితే నెర్రె: ఈ నేల మీద అడుగు తేలిగ్గా పడదు. అయినా అడుగుకు శాస్త్రం రాసినవాడు ఈ చేబ్రోలును ఏలినవాడే.

జాయప. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి, ఏనుగుల దళాన్ని నడిపినవాడు. గుండామాత్యుడి ముందు శిష్యుడై నాట్యం నేర్చాడు. 1213 నాటి అతని శాసనం చేబ్రోలులో ఉంది. 1253-54 ప్రాంతంలో 'నృత్తరత్నావళి' ముగించాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం శాస్త్రీయమైన మార్గానికిచ్చి, తక్కిన సగం ప్రాంతీయమైన దేశికిచ్చాడు. పేరణి, ప్రేంఖణం, చర్చరి, చిందు, కందుకం, ఏ నాట్యమూ వదల్లేదు. యుద్ధాలు చేసినవాడికి ఇంత ఓపిక ఎక్కడిదో!

అదే 1213లో పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి నిలిపాడు. తాటాకులో పేరణి, రాతిలో పేరణి. కాకతీయుల తరువాత దాన్ని ఆడే ఒళ్లు లేకుండా పోయింది.

ఆ ఒళ్లు వెతికినవారు నటరాజ రామకృష్ణ. 1923లో బాలి ద్వీపంలో పుట్టారు. మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గరా, వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి దగ్గరా నేర్చారు. నర్తకుడిగా పేరు తెచ్చుకుని అక్కడే ఆగిపోతే తప్పుపట్టేవాళ్లెవరు? ఆయన ఆగలేదు. దేవదాసీ కళాకారిణులు నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. దేవదాసీ సమర్పణను 1947 చట్టం ఆపింది, ఆపవలసిందే. కానీ ఆ ఆడవాళ్ల అభినయం మీదా లోకం తలుపు వేసేసింది. మూసిన ఆ తలుపులు తట్టి, దొరికినదంతా కూర్చి, దానికి ఆంధ్రనాట్యమని పేరుపెట్టి పిల్లలకు నేర్పారాయన.

నేర్పడం ఎంత కష్టమో ఆడేవాళ్లకు తెలియదు. ఆడేవాడికి తన ఒళ్లు తెలిస్తే చాలు. నేర్పేవాడికి ఎదుటి ఒళ్లు తెలియాలి: ఏ మోకాలు మొండికేస్తుందో, ఏ చూపు చేతికంటే ముందే పరుగెత్తుతుందో. ఆలోచించకుండా తన కాళ్లలో పలికే తకధిమిని, పత్తి నుంచి గింజ తీసినట్టు అక్షరం అక్షరం విడదీసి పసిదాని అరికాలికి అందించాలి. అది తప్పు వేస్తే నవ్వకూడదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. దీనికి తెర లేవదు, దీపాలు వెలగవు.

పేరణికైతే నేర్పే గురువే బతికి లేడు. జాయప మాటలూ రామప్ప రాళ్లే రామకృష్ణకు గురువులు. చదివారు, చూశారు, కుర్రాళ్లను కూడగట్టి అడుగు కుదిరేదాకా ఆడించారు. 1985 శివరాత్రి నాడు రామప్ప గుడి ముంగిట పేరణి మళ్లీ మోగింది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. మోగిన గజ్జెలు శిష్యులవి.

1992లో పద్మశ్రీ వచ్చింది, 2011లో ఆయన వెళ్లిపోయారు. శిష్యుడు కళాకృష్ణ సత్యభామ వేషానికి జడ వేసుకుని ఎన్నో రంగాలెక్కారు. ఆ తరువాత ఆయన కూడా శిష్యుల ముందు గురువై కూర్చున్నారు.