ఏడాది మేపిన లెక్క

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మనవాళ్ళు. పనికిరానివాడు తిండి దగ్గర మాత్రం ముందుంటాడని వెక్కిరించే సామెత. జహీరాబాద్ నుంచి ఆదివారాలు బీదర్ పొలిమేరలోని మిత్రుడి పొలానికి వెళ్ళి రావడం మొదలయ్యాక అందులో వెక్కిరింత నాకు వినిపించడం మానేసింది. అక్కడ మూడు గుర్రాలున్నాయి. ఒకటి టాంగా లాగి లాగి మోకాళ్ళు పోగొట్టుకుంది. ఇంకోదానికి నిజంగానే కళ్ళు లేవు, దాణాకు ఏ లోటూ లేదు. మూడోది పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన తెల్ల గోడిగ. ఆడ గుర్రాన్ని మన పాతవాళ్ళు గోడిగ అనేవారు. గుర్రాలు పోయాక ఆ మాట నిఘంటువులోకి వెళ్ళి పడుకుంది. ఇక్కడ మళ్ళీ వాడుకుంటున్నాం.

గుర్రాలు పోయాయన్నది ఊరికే అన్న మాట కాదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలూ పోనీలూ కలిపి 6 లక్షల పైచిలుకు. 2019 నాటికి 3.4 లక్షలు. ఆటోలు వచ్చాయి, టాంగాలు పోయాయి. నాకు దీని మీద పెద్ద విచారమేమీ లేదు. నోట్లో ముళ్ళ కళ్ళెం పెట్టుకుని బతికే గుర్రాలు తగ్గితే మంచిదే. ఆ ముళ్ళ కళ్ళేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. అయినా మా గోడిగ పెదాల మూలల్లో ఆ మచ్చలు ఇప్పటికీ వేలికి తగులుతాయి.

అది వచ్చిన కొత్తలో నేను చేసిన నిర్వాకం ముందు చెప్పుకోవాలి.

అప్పట్లో నేను నికితిన్‌ని చదువుతున్నాను. అఫనాసీ నికితిన్ రష్యాలోని త్వేర్ నగరపు వర్తకుడు. బహమనీల కాలంలో, 1470కి కాస్త అటూ ఇటూగా, ఒక మగ గుర్రాన్ని అమ్ముకుందామని సముద్రం దాటించి ఈ దేశానికి తెచ్చాడు. ఇక్కడ గుర్రాలు పుట్టవు, ఎద్దులూ గేదెలే పుడతాయి అని రాసుకున్నాడు. అందుకే బయటి నుంచి వచ్చిన గుర్రానికి అంత గిరాకీ. బీదర్‌కి దగ్గర్లోని ఆళందలో ఏటా పది రోజులు జరిగే సంతకు 20 వేల గుర్రాల దాకా వస్తాయని అతని లెక్క. తన గుర్రాన్ని జున్నార్‌లో అక్కడి ఖాన్ లాక్కున్నాడు, మతం మారితే తిరిగిస్తానన్నాడు. ఎవరో పెద్దమనిషి అడ్డుపడి ఇప్పించాడు. చివరికి బీదర్‌లో అమ్ముడుపోయింది. ఇక్కడి గుర్రాలకు శనగలు పెడతారనీ, చక్కెరా వెన్నా వేసి కిచిడీ వండి పెడతారనీ కూడా రాశాడు.

ఆ కిచిడీ నా బుర్రలో కూర్చుంది. గోడిగ ఎముకల గూడులా ఉంది. గుర్రం ఒంటి మీది కొవ్వును ఒకటి నుంచి తొమ్మిది దాకా కొలిచే పద్ధతి ఒకటుంది, 1983లో హెన్నెకె అనే ఆయన తయారుచేశాడు. ఆ లెక్కలో మా దానికి రెండు కూడా రావు. ఇంత ఆకలితో ఉన్నదానికి ఇంకేం కావాలి అనుకుని ఇంటి నుంచి ఉలవలు పట్టుకెళ్ళి, గుగ్గిళ్ళు ఉడికించి, బెల్లం కలిపి బకెట్టు నిండా పెట్టాను. బకెట్టు అడుగు కూడా నాకింది. నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

రాత్రి పదింటికి అది ముందుకాలితో నేల తవ్వడం మొదలుపెట్టింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి తన కడుపు వైపే చూసుకుంటోంది. తర్వాత కూలబడి దొర్లింది. పొలంలో ఉండే చాచా, ఒకప్పుడు టాంగా తోలిన మనిషి, దాని డొక్కకు చెవి ఆనించాడు. మంచి గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడలాడుతుంది. "కడుపు మాట్లాడట్లేదు" అన్నాడు. ఏం పెట్టావని అడిగితే చెప్పాను. తిట్టలేదు. పగ్గం నా చేతిలో పెట్టి, "పెట్టింది నువ్వే కదా బేటా, ఇక నువ్వే నడిపించు" అన్నాడు.

గుర్రం కక్కుకోలేదు. ఆహారనాళం జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. నాలుగైదు వందల కిలోల జంతువుకు జీర్ణాశయం మాత్రం చిన్నది, పదీ పదిహేను లీటర్లకు మించి పట్టదు. లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. పశువైద్య విశ్వవిద్యాలయ కేంద్రం బీదర్ నందినగర్‌లోనే ఉండటం ఈ ఊరి అదృష్టం, పశువుల డాక్టర్లకు కొదవ లేదు. వచ్చిన కుర్ర డాక్టరు ముక్కులోంచి గొట్టం దించి లిక్విడ్ పారాఫిన్ పోశాడు, నొప్పికి సూది వేశాడు. తెల్లవారుజామున గోడిగ లద్ది వేసింది. లద్ది చూసి ఒకరినొకరు కావలించుకున్న మనుషుల్ని మీరెప్పుడూ చూసి ఉండరు.

పొద్దున టీ తాగుతూ డాక్టరు అసలు సంగతి చెప్పాడు. కడుపునొప్పి కనబడే ప్రమాదం. కనబడనిది ఇంకోటుంది. నెలల తరబడి ఎండిన శరీరంలోకి ఒక్కసారిగా పిండిపదార్థం, తీపి వెళ్తే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. రక్తంలో అరకొరగా మిగిలిన ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియంలను కణాలు లాగేసుకుంటాయి. తిండి దొరికిన మూడో రోజో ఐదో రోజో గుండె ఆగిపోవచ్చు. ఆకలిని తట్టుకున్న గుర్రం అన్నానికి చచ్చిపోతుందన్న మాట. ఇలాంటి దానికి మొదట్లో పెట్టాల్సింది లూసర్న్ గడ్డి. నాలుగు గంటలకోసారి, అరకిలో చొప్పున, రాత్రీ పగలూ. గింజ ముట్టించకూడదు. లూసర్న్‌ని కన్నడంలో కుదురె మసాలె అంటారు. కుదురె అంటే గుర్రమే. పేరులోనే మందు చీటీ ఉంది, నేనే చదువుకోలేదు.

ఆ అరకిలో పెట్టడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. అది ఇంకా కావాలని మూతితో భుజం మీద పొడుస్తుంది. చేతిలో గడ్డి ఉంటుంది. పెట్టకూడదు. జాలిని కాటాలో తూచి ఇవ్వడం నాకు అప్పటిదాకా ఎవరూ నేర్పలేదు.

నికితిన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి కిచిడీ మీద కాదు, వేరే వాక్యం మీద కన్ను పడింది. గుర్రాన్ని ఏడాది మేపాననీ, దాని మీద 68 ఫుతూన్లు ఖర్చయిందనీ రాసిపెట్టాడు. ఫుతూన్ అంటే ఆనాటి నాణెం. ఎంతైనా వర్తకుడు, లెక్క వదలలేదు. ఇవాళ గుర్రాన్ని కాపాడామని చెప్పుకునేవాళ్ళు లారీలోంచి దింపిన రోజు ఫోటో చూపిస్తారు. ఏడాది మేపిన లెక్క ఎవరూ చూపించరు. కాపాడటం ఒక పూట పని, మేపడం ఏళ్ళ పని. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది.

బీదర్ జిల్లా ఖానాపూర్ మైలార మల్లన్న గుడికి వెళ్ళే భక్తులు కొందరు దారిలో ఆగి మా గోడిగకు దండం పెట్టి పోతుంటారు. మల్లన్న వాహనం గుర్రం కదా. మంచిదే. కానీ చేతిలో బెల్లం ఉంటే చాచా ఊరుకోడు. ఎండుగడ్డి మోపు తెస్తే టీ ఇస్తాడు. ఈ కాలమ్ చదివి వచ్చేవాళ్ళకీ అదే నిబంధన.

ఇప్పుడది తెల్లగా నిండుగా ఉంది. బ్యాండు మేళం వినబడితే మాత్రం ఇంకా వణుకుతుంది. లాడాలు తీసేశారు. ఆరేడు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కి పోతాడు. మొదట్లో ఒకసారి గిట్ట పైఅంచున అడ్డంగా ఒక గీత చూపించాడు. ఆకలి రోజులు ముగిసి తిండి మొదలైన చోట పడిన గీత అది. గిట్ట నెలకు సెంటీమీటరుకు కాస్త తక్కువగా పెరుగుతుంది. పైనుంచి కిందిదాకా కొత్తది రావడానికి దాదాపు ఏడాది. అప్పటి నుంచీ ప్రతి ఆదివారం వంగి ఆ గీత ఎక్కడుందో చూడటం నాకు అలవాటైంది.

మొన్న చూశాను. నేలకు వేలి మందం ఎత్తులో ఉంది. ఇంకో రెండు చెక్కుళ్ళు పడుతుందని నాల్‌బంద్ అన్నాడు.